వంకకు ఈవలి గట్టు

నా చేతుల్లో ఎంతమంది పిల్లలు పుట్టారో నేను లెక్క పెట్టుకోలేదు. కొత్తగా నర్సు పనిలో చేరిన అమ్మాయిలు నన్ను చూడడానికి వచ్చినప్పుడల్లా ముందు ఆ మాటే అడుగుతారు. తెలియదంటే కొంచెం చిన్నబుచ్చుకుంటారు. వాళ్లకు నేను చెప్పవలసింది అసలు నా చేతుల్లో పుట్టిన పిల్లల సంగతి కాదు. నా చెయ్యి తగలకుండా, నా కళ్లెదుటే, వంకకు ఆవలి గట్టున పుట్టిన ఒక ఆడపిల్ల సంగతి. ఇన్నేళ్లలో దాన్ని ఎవరికీ వరుసగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది మీరు చదివి ఏదో నేర్చుకుంటారని కాదు. నేర్చుకోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. నాతోపాటు అది కూడా పోతుందేమోనని రాస్తున్నాను, అంతే.

తెల్లదొరల పాలన ఇంకా ఉన్న రోజులవి, యుద్ధం జరుగుతున్న రోజులు. కర్నూలు జిల్లా, కడప జిల్లా ఒకదాన్నొకటి ఆనుకునే చోట, ఎర్రమల కొండలకు తూర్పున ఒక చిన్న ఊళ్లో మిషన్ ఆస్పత్రి ఉండేది. నాపరాతి గోడలు, పట్టుమని పది మంచాలు, ఒక తెల్ల దొరసాని డాక్టరు. మా అమ్మానాన్నలు జొన్నచేలల్లో కూలికి పోయేవాళ్లు. మా తాత కాలం నుంచీ చర్చిలో ఉన్నవాళ్లం కాబట్టి నా బడి చదువూ, నర్సు చదువూ అన్నీ ఆ మిషన్‌లోనే గడిచాయి. కాన్పుల పని నేర్చుకుని చుట్టుపక్కల పల్లెలకు తిరగడం మొదలుపెట్టిన కొత్త అది. చేతిలో తోలుపెట్టె, తెల్లచీర, ఆ వయసులో ఉండే ధైర్యం.

పల్లెలకు పోవడానికి ఆస్పత్రికి ఒక గూడుబండి ఉండేది. దాన్ని తోలేది ఒక ముసలి సాయిబు. ఆయన గొంతు గురించి ముందే చెప్పాలి. ఊరి చివర చిన్న మసీదులో రోజూ తెల్లవారుజామున అజాన్ ఇచ్చేది ఆయనే. అది విని చుట్టుపక్కల మూడు పల్లెల్లో జనం లేచేవాళ్లు, అన్ని మతాలవాళ్లూ. ఆయన ఎద్దులతో గుసగుసలాడితే వార్డులో రోగులు ఉలిక్కిపడేవాళ్లు. "మెల్లగా మాట్లాడండి" అని దొరసాని తన పుస్తకాల తెలుగులో బతిమాలేది. "మెల్లగానే గదమ్మా మాట్లాడతాండా" అని ఆయన అనేవాడు. ఆ మాట బజారుకు వినపడేది. నన్ను "బేటీ" అని పిలిచేవాడు, నేను "తాతా" అనేదాన్ని.

మా ఆస్పత్రికి పడమట, ఒక వంక దాటితే ఒక పల్లె ఉంది. ఆ ఏడు చలికాలంలో ఒకసారి ఆ పల్లెలో ఒక ఇంటికి పోయాను. కోడలు నెల తప్పిందనీ, అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదనీ విని పోయాను. అత్తగారు గడప దగ్గరే అడ్డంగా నిలబడింది. బక్కపలచటి మనిషి, నడుముకు చీరకొంగు బిగించి ఉంది.

"మా ఇంట్లో కాన్పులు మేమే సేసుకుంటాం. నీ సబ్బూ వద్దు, నీ యేసయ్యా వద్దు. పోయిరా తల్లీ," అంది.

లోపల ఎవరివో గాజుల చప్పుడు వినపడింది. కోడలిని నేను చూడలేదు. పోయిరా అని మర్యాదగానే అంది కదా అనుకుంటూ వెనక్కి వచ్చేశాను.

అలాంటి ఇంటి నుంచి వైశాఖమాసంలో ఒకరోజు పొద్దున్నే మనిషి వచ్చాడు. కోడలికి ముందటి రోజు సాయంత్రం నుంచి నొప్పులట. "నర్సమ్మను పిలుచుకు రాపో అని ఆ ముసలామే నన్ను తరిమింది. వాళ్లు గూడా బండి గట్టుకోని ఎదురొస్తాండారు," అన్నాడు. ఆ ముసలామె నన్ను పిలిచిందంటే లోపల పరిస్థితి ఎట్లా ఉందో నాకు అర్థమైంది.

దొరసాని తాను రాలేకపోయింది. వార్డులో ఒకామెకు గర్భవాతపు మూర్ఛలతో ప్రాణం మీదికి వచ్చింది. ఆమెను వదిలి కదిలే వీలు లేదు. నా పెట్టె తానే సర్ది, నెత్తురు ఆపే ఎర్గాట్ మందు సీసా అడుగున పెట్టింది. ఓడలు సరిగ్గా రాని రోజులు, ఆస్పత్రి మొత్తానికి మిగిలింది ఆ చిన్న సీసానే. "వాడవలసి వస్తే జంకవద్దు," అంది.

కబురు తెచ్చిన మనిషి అలసి సోలిపోతే అతన్ని ఆస్పత్రి అరుగు మీదే వదిలి బయలుదేరాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. నల్లరేగడి నేల బీటలు వారి ఎద్దుల కాళ్లు బీటల్లో పడుతున్నాయి. దూరంగా పడమటి కొండల మీద మాత్రం నల్లటి మోడం పట్టింది. మా తలమీద ఒక్క మబ్బుతునక లేదు.

"సూడు బేటీ ఆ మోడం," అన్నాడు తాత. "బయలుదేరినప్పటి నుంచీ సూస్తాండా. నీళ్లల్లో పడుకున్న బర్రె మాదిరి ఉండాది. ఇంత గూడా కదల్లేదు."

"ఇటు వస్తాదా?"

"గాలే లేదే. యాడికీ రాదు. ఆడనే కురిసి ఆడనే పోతాది."

ఆయన అన్నది నిజమే. ఆ రోజంతా మా మీద ఒక్క చినుకు పడలేదు.

వంక అంటే తెలియనివాళ్లకు ఒక మాట. మా సీమలో వంక ఏడాదిలో ఎక్కువ రోజులు దారే. దాని ఇసుకలో బండ్లు నడుస్తాయి, గొర్రెలు పడుకుంటాయి, ఆడవాళ్లు చెలిమలు తవ్వి కడవలు నింపుకుంటారు. అక్కడ నీళ్లు పారతాయన్న సంగతి నీళ్లు వచ్చేదాకా ఎవరికీ గుర్తుండదు.

మేము గట్టుకు చేరేసరికి ఒక గొర్రెలకాపరి వంక నడుమ మందను పరుండబెట్టి, తాను చెలిమ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆవలి గట్టున ఒక బండి నిలబడి ఉంది. ఎండకు అడ్డంగా బొంత కట్టారు, దాని కింద కోడలు, పక్కన అత్తగారు. బండి ముందు నిలబడిన మనిషి మమ్మల్ని చూసి రెండు చేతులూ ఊపాడు. కోడలి భర్త అతనే. ఆ బండీ మా బండీ ఒకేసారి వంకలోకి దిగబోయాయి. మా ఎద్దులు దిగలేదు. తాత అదిలించాడు. అవి ముందుకాళ్లు తన్నిపెట్టి వెనక్కి జరిగాయి.

అప్పుడు వినపడింది. కళ్లంలో ఎద్దులతో బంతి తోలుతున్నట్టు, కంకులు నలుగుతున్నట్టు ఒక చప్పుడు. కాపరి చటుక్కున లేచాడు.

"వంక వస్తాండాదో! పైకి పాండి! ఓ బండాయనా, దిగొద్దు, దిగొద్దు!"

ముందు నురుగు వచ్చింది. దాని వెనక ఎండుపుల్లలు, జొన్నచొప్ప, ఎవరిదో తడిక. దాని వెనక ఎర్రటి నీళ్లు నిలువెత్తున. కాపరి మందను మా గట్టు మీదికి తోలుకున్నాడు. చివరనున్న రెండు గొర్రెలు అందలేదు. వాటి తలలు ఒకసారి తేలి మునగడం చూశాను. ఆవలి బండిని ఆ మనిషి వెనక్కి తిప్పి గట్టు మీదికి లాగేశాడు. అందరం బతికాం. ఆ నిమిషాన, దేవుడు దగ్గరుండి కాపాడాడనే అనుకున్నాను.

"భయపడొద్దు," అన్నాడు తాత. "ఎండకాలం వంక. పాలు పొంగినట్ల పొంగుతాది, పొంగు దిగినట్ల దిగుతాది. వక్కాకు నమిలే లోపల దిగుతాది."

కాపరి కూడా అదే అన్నాడు. నాకు తెలిసింది కూడా అదే. చిన్నప్పటి నుంచీ అట్లాగే చూశాం. కింద ఎక్కడో రైలు కట్టకు వంతెన ఉంది. చుట్టు తిరిగి పోతే పొద్దుగూకుతుంది. అంతలోపల వంక దిగిపోదా? ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం. ముగ్గురివీ ఆ సీమలోనే పండిన తలకాయలు. ఆ వంక మాకు తెలియదని ఎవరైనా అని ఉంటే నవ్వి ఉండేవాళ్లం.

మాకు తెలియనిది ఆ మోడం సంగతి. మామూలుగా అది ఒక కొండ మీద కురిసి, నడుచుకుంటూ ఇంకో కొండకు పోతుంది. వెనక నీళ్లు ఆగిపోతాయి. ఆ రోజు అది కూర్చున్న చోటి నుంచి లేవలేదు. వంక కాస్త దిగినట్టే దిగి, మళ్లీ ఎర్రగా లేచి వచ్చింది. తరువాత మళ్లీ.

ఆవలి గట్టున భర్త ఏదో అరుస్తున్నాడు. హోరులో ముక్కలు ముక్కలుగా అందుతోంది. నేను గొంతు చించుకుని అరిచాను. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. అందలేదు.

తాత వైపు తిరిగాను. "నువ్వు అరిసి అడుగు తాతా. నీ గొంతయితే ఆపక్కకు పోతాది."

"ఏమని అడగల్ల?"

"ఉమ్మనీరు పోయిందా అని అడుగు. బిడ్డ తల కనపడతాండాదా అని అడుగు."

ఆయన ఎద్దుల వైపు చూశాడు. తరువాత నేల వైపు చూశాడు. "అట్లాంటివి నేనెట్ల అడుగుతా బేటీ? మా ఇంట్లో గూడా ఎప్పుడూ ఆ మాట పలకలేదు నేను. ఆడ ఆడబిడ్డ ఉండాది."

"ఆ ఆడబిడ్డ కోసరమే తాతా."

ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుని మళ్లీ కట్టుకున్నాడు. గట్టు అంచుకు పోయి నిలబడ్డాడు. బండి వెనకవైపు మావైపే ఉంది కాబట్టి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అజాన్‌కు పెట్టినట్టే చెవుల దగ్గర చేతులు పెట్టుకుని, నేను చెప్పిన మాటలు ఒక్కటీ మార్చకుండా పిలిచాడు. ఆ గొంతు నీళ్ల మీదుగా పోయింది. ఆవలి మనిషి ఆగి విన్నాడు. బండి దగ్గరకు పరుగెత్తి తల్లిని అడిగి మళ్లీ వచ్చాడు. రెండు అరచేతులూ నోటికి చుట్టి అరిచాడు.

"పోయింది! తల కనపడతాండాది!"

"సేతులు కడుక్కోమను మీయమ్మను! లాగొద్దని సెప్పు! దానంతట అదే రావల్ల!"

అతను పోయి వచ్చాడు. "మాయమ్మ పట్టుకోనంటాండాది! ముందటి రెండూ ఆయమ్మ సేతుల్లోనే పోయినాయంట! ఆ సేతులతో మళ్లీ పట్టుకోనంటాండాది!"

నేనేం చెప్పాలా అని ఆలోచించేలోపలే తాత అందుకున్నాడు. అవి నా మాటలు కావు, ఆయనవే.

"సెల్లెమ్మా! నేను సాయిబును, నీ అన్నట్లాంటోన్ని! ఈడ మాకు సేతులున్నా అందవు! నీవి అందుతాయి! పట్టుకో తల్లీ!"

ముసలామె చీరకొంగు నడుముకు బిగించింది. ఆ తరువాత కడవ నుంచి నీళ్లు వంచుకుని చేతులు కడుక్కోవడం కనపడింది.

ఆ తరువాతంతా ఒక వరుసలో నడిచింది. నేను తాతకు చెప్పాను, తాత నీళ్ల మీదుగా చెప్పాడు, భర్త తల్లికి చెప్పాడు, ఆమె చేతులు చేశాయి. నొప్పి వచ్చినప్పుడు ముక్కమను. ఇప్పుడు వద్దను. మెడ చుట్టూ పేగు ఉందేమో వేలితో చూడమను. ఒక్కోసారి తాత నా మాట పూర్తి కాకముందే అరిచేవాడు. ఆయన కళ్లు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి. అది ఎండకు కారుతున్న చెమట అని నాతో తరువాత వాదించాడు.

బిడ్డ పుట్టింది, వెనకనే మాయ కూడా పడింది. భర్త బిడ్డను రెండు చేతులతో పైకెత్తి మాకు చూపించాడు. బొడ్డుపేగు కోయవద్దని చెప్పాను, తుప్పు కొడవలి పెడతారని భయం. నీళ్లు దిగితే నేనే వచ్చి కోస్తాను కదా. అందువల్ల పేగూ మాయా వేలాడుతూనే ఉన్నాయి. బిడ్డ నోరు తెరవడం కనపడింది, ఏడుపు వినపడలేదు. కాపరి నవ్వుతూ గంతులు వేశాడు.

తాత అప్పుడు ఒక కన్ను తెరిచి చూశాడు. "మాకు కాదప్పా సూపిచ్చేది! ఆ బిడ్డ తల్లికి సూపియ్యి!" అని అరిచాడు.

అతను తిరిగి బిడ్డను భార్య వైపు ఎత్తి పట్టుకున్నాడు. ఆమె మోచెయ్యి మీద కొంచెం లేచింది. ముఖం సరిగా కనపడేంత దగ్గర కాదు. చెదిరిన జుట్టు, పైకెత్తిన తల కనపడ్డాయి. అలాగే చూస్తూ ఉండిపోయింది.

మాయ కూడా పడింది. అప్పటికి వంక రెండోసారి దిగడం మొదలైంది. తాత ఎద్దులను విప్పి, వాటి తోకలు పట్టుకుని దాటుదామని సిద్ధమవుతున్నాడు. అంతలో ఆవలి నుంచి కేక వచ్చింది.

"నర్సమ్మా! నెత్తర పోతాండాది! శానా పోతాండాది! ఆగలేదు!"

పైన కొండల్లో ఉరుము గుడగుడలాడింది. వంక మళ్లీ లేచింది.

పొత్తికడుపు మీద అరచేత్తో గట్టిగా రుద్దమన్నాను. బొడ్డు కింద బిడ్డసంచి మెత్తగా తగులుతుంది, అది రాయిలా గట్టిపడేదాకా అదమాలి. బిడ్డకు రొమ్ము పట్టించమన్నాను. కాళ్ల కింద మూటలు పెట్టి ఎత్తమన్నాను. "ఆపొద్దని సెప్పు తాతా! నేనొచ్చేదాకా ఆపొద్దని సెప్పు!" తాత చెప్పాడు. ముసలామె రెండు చేతులతో అదమడం మొదలుపెట్టింది.

మందు నా పెట్టెలో ఉంది. ఒక చెంచాడు గొంతులో పడితే చాలు. మా నడుమ ఉన్నదల్లా ఆ వంకే. భర్త పంచె బిగించి నీళ్లలో మోకాలి వరకు దిగాడు. మందు కోసం ఈదుకుంటూ వస్తానన్నాడు. అతని పక్కనే ఒక తుమ్మచెట్టు వేళ్లతో సహా కొట్టుకుపోతోంది. "రావొద్దు! నువ్వు పోతే ఆయమ్మకు సెప్పేదెవరు? పైకి పో!" అని తాత మొదటిసారి కోపంగా అరిచాడు. అతను పైకి పోయాడు.

అప్పుడు కాపరి తన నడుముకు చుట్టుకున్న వడిసెల విప్పాడు. చేలో పిట్టలను తోలడానికి, తోడేళ్లను బెదిరించడానికి రాళ్లు విసిరే తాడు అది. "దీంతో ఆ గట్టుకు ఏస్తా నర్సమ్మా. నీ మందు ఎంత బరువుండాది?" అన్నాడు.

ముందు సీసా అంత బరువు రాయిని గుడ్డలో చుట్టి విసిరాడు. తల చుట్టూ మూడుసార్లు తిప్పి వదిలితే అది నీళ్లన్నీ దాటి బండికి ఇవతల పడింది. సీసాకు చుట్టూ దూది చుట్టాను, ఉన్న దూదంతా. దానిమీద కట్లు కట్టే గాజుగుడ్డ, దానిమీద నా చీరకొంగు చింపి కట్టాను. ముడి వదులుగా ఉందని కాపరి తానే తీసుకుని మళ్లీ బిగించాడు. కళ్లు మూసుకుని ఏదో కొండదేవతను తలుచుకుని విసిరాడు. నేను నా ప్రభువును తలుచుకున్నాను. తాత పెదవులు కూడా కదిలాయి.

మూట గట్టు మీద పడింది. ముగ్గురం ఒక్కసారి అరిచాం. అయితే పడింది ఇసుకలో కాదు. మా సీమలో నేలంతా పరిచినట్టుండే నాపరాతి మీద పడింది. భర్త విప్పి చూసి అలాగే కూర్చుండిపోయాడు.

"పగిలింది! సీసా పగిలింది!"

"దూది తడిగా ఉండాదా? అడుగు తాతా, దూది తడిగా ఉండాదా?"

"తడిగా ఉండాది!"

"గాజు పెంకులు ఏరేసి ఆ దూదిని నోట్లో పిండమను. ఎంత వస్తే అంత. మెల్లగా మింగమను."

అతను పిండడం చూశాను. తడిసిన నల్లటి దూదిని ఆమె నోటి మీద పట్టుకుని, వేళ్లు తెల్లబడేలా పిండుతున్నాడు. కొంతసేపటికి లేచి నిలబడి అరిచాడు. "తగ్గింది! నెత్తర తగ్గింది నర్సమ్మా!"

కాపరి నన్ను చూసి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ కొంచెంసేపు ఆ వంక గట్టున మాకంటే సంతోషంగా ఉన్నవాళ్లు లోకంలో ఎవరూ లేరు.

నెత్తురు మళ్లీ మొదలైంది. ఈసారి అతను కేకలు వేయలేదు. చెయ్యెత్తి అటూ ఇటూ ఊపి, బండి పక్కన చతికిలపడ్డాడు. తాత పిలిచాడు, మళ్లీ పిలిచాడు. అతను తల ఎత్తలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముసలామె మాత్రం అదుముతూనే ఉంది. ఇంకా ఆశ ఉంది కాబట్టే అదుముతోందని అనుకున్నాను.

పొద్దు వాలాక మోడం పలచబడింది. అది ఎటూ పోలేదు, ఉన్నచోటే కరిగిపోయింది. వంక దిగింది, పాలపొంగు దిగినట్టే. కాపరి కర్ర పట్టుకుని, తాత ముందు నడుస్తుండగా మొలలోతు నీళ్లలో దాటాను.

బండి దగ్గరికి పోయేసరికి ముసలామె కోడలి పొట్ట మీద రెండు చేతులూ పెట్టి అదుముతూనే ఉంది. నేను కోడలి మణికట్టు పట్టుకుని చూశాను. చల్లబడి చాలాసేపయింది.

"ఇంక సాలు పెద్దమ్మా," అన్నాను.

ఆమె వినలేదు.

"సాలు. ఆపు పెద్దమ్మా."

"నువ్వొచ్చేదాకా ఆపొద్దంటివి గదమ్మా," అంది, నా వైపు చూడకుండానే.

"వచ్చినాను."

అప్పుడు నన్ను చూసింది. చేతులు తీసింది. వేళ్లు ముడుచుకుపోయి తిన్నగా రాలేదు. నేను ఒక్కొక్క వేలినీ పట్టుకుని సాగదీశాను. తరువాత పెట్టె తెరిచి బిడ్డ బొడ్డు కోసి దారం కట్టాను. ఆ రోజు నా చేతులు చేసిన పని అదొక్కటే. కోడలి ముఖం నేను మొదటిసారి చూసింది అప్పుడే. చిన్నపిల్ల. నాకంటే చిన్నది.

దొరసాని నేను చెప్పినదంతా నిలబడే వింది. దూది ఎంత చుట్టానని ఒక్కటే అడిగింది. చెప్పాను. కళ్లజోడు తీసి, "ఇంకా చుట్టడానికి మన వద్ద దూది లేదు," అంది. ఆ తరువాత ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

నన్ను వంక అవతలి పల్లెలో ఉంచమని అడిగాను. ఆస్పత్రి పెద్దలు కూర్చుని ఆలోచించి, వానాకాలం నాలుగు నెలలూ అక్కడ ఉండడానికి ఒప్పుకున్నారు. "ఆ వాన వచ్చింది ఎండకాలంలో గదయ్యా," అన్నాను. అట్లా అది ఏడాదంతా అయింది, ఆ ఏడాది ఇరవై ఏళ్లకు సాగింది. ఆ పల్లెలో నాపరాళ్ల గదిలో నేను కాపురం పెట్టాను.

తాత ఆ తరువాత కూడా బండి తోలాడు. కానీ ఎవరైనా "వాన వస్తాదా?" అని అడిగితే జవాబు చెప్పడం మానేశాడు. వక్కాకు కూడా మానేశాడు. ఆయన పోయినప్పుడు నేను వంకకు అవతలే ఉన్నాను. మరునాడు తెల్లవారుజామున మసీదు నుంచి వేరే ఎవరిదో సన్నటి గొంతు వచ్చిందనీ, ఊళ్లో చాలామంది లేవలేదనీ చెప్పారు.

ముసలామె మనుమరాలిని మేకపాలతో పెంచింది. పల్లెలో ఎవరికి నొప్పులు వచ్చినా ముందు నా తలుపు కొట్టేది ఆమే. ఎవరైనా మంత్రసాని చాలంటే చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చేది. గడప దాకా వచ్చేది. కాన్పు జరిగే గదిలోకి మాత్రం బతికినన్నాళ్లూ అడుగు పెట్టలేదు. కొడుకు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మంచి మనిషే, పెద్దగా మాట్లాడడు.

ఆ పిల్ల బడికి పోయే వయసులో ఒకరోజు నా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేను పనిముట్లు ఉడకబెడుతున్నాను. చాలాసేపు గిన్నెలోని ఆవిరిని చూసింది.

"నర్సమ్మా, మాయమ్మ నన్ను సూసిందా?"

"సూసింది."

"అవ్వ గూడా సూసిందంటాది. మా నాయన ఏం సెప్పడు. నువ్వు వంకకు ఆపక్క ఉంటివి గదా, నీకెట్ల తెలుసు?"

"నాకు కనపడింది తల్లీ. మీ నాయన నిన్ను పైకెత్తి పట్టుకున్యాడు. మీయమ్మ మోచెయ్యి మీద లేసి సూసింది."

ఆ పిల్ల గడప దాటి లోపలికి వచ్చింది. "ఎంతసేపు సూసింది?"

పొయ్యిలో కట్టె వెనక్కి లాగాను. "మీ నాయనకు సేతులు నొప్పి పుట్టి నిన్ను దించేదాకా," అన్నాను.

దాని ముఖం మెల్లగా వెలిగింది.

"మా నాయనకు శానా బలం," అంది.